ఎడమ పక్కటెముకల చాటున

“వద్దంటే వినవేం నాయనా? నాకు కొత్త మెషీను అక్కర్లేదు,” అంది డాక్టరమ్మ.

సేల్స్‌మన్ అప్పటికే బూట్లు విప్పేశాడు. స్కానింగ్ మెషీన్లు అమ్మేవాళ్ళ తిప్పలే అంత. గాలికి స్కాన్ తీసి చూపించలేరు, బయట కూర్చున్న పేషెంట్లని వచ్చి పడుకోమని అడగలేరు. కాబట్టి ఎక్కడికి వెళ్ళినా తమ చొక్కా తామే ఎత్తుకుని బల్లెక్కాలి.

“కొనొద్దు మేడమ్, ఊరికే చూడండి. రెండంతస్తులు మోసుకొచ్చాను. ఈసారి కూడా అమ్మకుండా వెళ్తే మా మేనేజరు నన్ను ఇంటికి పంపించేస్తాడు.”

డాక్టరమ్మ మొహం చిట్లించింది. ఆవిడ గదిలో ఓ మూల పాత స్కానింగ్ మెషీను ఉంది. నర్సు దాన్ని ‘పెద్దావిడ’ అంటుంది. పొద్దున్నే డొక్కలో ఒకటి తగిలిస్తేగానీ దాని తెర వెలగదు. అయినా డాక్టరమ్మ దాని మీద ఈగ వాలనివ్వదు. ఇంతకుముందు వచ్చిన కంపెనీలవాళ్ళందరూ వచ్చిన దారినే మెట్లు దిగి వెళ్ళిపోయారు.

“సరే, కానీ. ఏం చూడమంటావ్? లివరా?”

“లివర్ ఎవరి మెషీనైనా చూపిస్తుంది మేడమ్. సత్తా తెలియాలంటే ప్లీహం చూడాలి. ఎడమ పక్కటెముకల చాటున నక్కి ఉంటుందాయె. పైన ఊపిరితిత్తి అడ్డం, ముందు పొట్టలో గాలి అడ్డం. మీకు నేను చెప్పాలా!”

“అక్కర్లేదు. కుడివైపుకి తిరిగి పడుకో. ఎడమ చెయ్యి తల మీద పెట్టుకో.”

నర్సు జెల్ పిండింది. చల్లగా తగిలేసరికి సేల్స్‌మన్ మెలికలు తిరిగిపోయాడు. డాక్టరమ్మ కొత్త మెషీను తీగ చివరనున్న ప్రోబును పక్కటెముకల సందులో ఆనించింది.

“గాలి పీల్చు. బిగబట్టు.”

బిగబట్టాడు. ఆ బిగబట్టిన గాలితోనే తన మెషీను గొప్పలు చెప్పబోయాడు.

“బిగబట్టడమంటే నోరు కూడా మూసుకోవాలి,” అంది ఆవిడ.

కాసేపటికి ఆవిడే నోరు మూసుకుంది. ప్లీహమన్నాక నెలవంకలా, ఎడమ కిడ్నీ పైన ఒద్దికగా ఉండాలి. ఇది కిడ్నీని దాటి, ఇంకా కిందికి దిగి, బొడ్డు దారి పట్టింది. లోపలంతా ఒకే బూడిద రంగు. గడ్డ లేదు, నీటి తిత్తి లేదు. సైజు మాత్రం పదిహేడు సెంటీమీటర్లు. పన్నెండు దాటితేనే ఎక్కువ. ఆవిడ మళ్ళీ కొలిచింది. మళ్ళీ పదిహేడే.

“ఏమైంది మేడమ్?” సేల్స్‌మన్ గొంతు సన్నబడింది. “మెషీను పనిచేయట్లేదా?”

“అదే తేల్చాలి. నీ మెషీనైనా అబద్ధం చెబుతుండాలి, నీకైనా జబ్బుండాలి. లే, మా పెద్దావిడ దగ్గరికి రా.”

నర్సు డొక్కలో రెండు తగిలించింది. పెద్దావిడ మేలుకుంది. తెర నిండా పక్కటెముకల నీడలు, వాటి మధ్య పొగ. ఆ పొగలో ప్లీహం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో దేవుడికే తెలియాలి. ఇన్నాళ్ళూ డాక్టరమ్మ అంచు ఇదేనని ఊహించి కొలిచేసేది. ఇప్పుడూ అలాగే కొలిచింది. పదకొండు వచ్చింది.

“హమ్మయ్య, మామూలే!” అంటూ లేవబోయిన సేల్స్‌మన్ సగంలో ఆగిపోయాడు. పెద్దావిడ మాట నిజమైతే అతని మెషీను చెత్త. అతని మెషీను మాట నిజమైతే అతను రోగి. మొహం ఎటు పెట్టాలో తెలియలేదు.

“మేడమ్... నాకు జబ్బే ఉండుంటుంది మేడమ్. మా మెషీను తప్పు చెప్పదు,” అన్నాడు ఏడుపు గొంతుతో.

నర్సు పకపకా నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. చేత్తోనే తేల్చుకుందామని అతని పక్కటెముకల కింద వేళ్ళు ఆనించి గాలి పీల్చమంది. లోపలి నుంచి గట్టి అంచొకటి జారుకుంటూ వచ్చి వేళ్ళకి తగిలింది. కొత్త మెషీను మాటే నిజం. పెద్దావిడని నమ్మి ఎంతమందిని ‘అంతా బాగుంది, ఇంటికెళ్ళండి’ అని పంపేసిందో! తల్చుకుంటే సిగ్గేసింది, భయమేసింది.

“మలేరియా వచ్చిందా ఎప్పుడైనా?”

“లేదు మేడమ్.”

“తాగుతావా?”

“టీ.”

“కళ్ళు కాస్త పచ్చగా ఉన్నాయి. నీరసంగా ఉంటుందా?”

“టార్గెట్ గుర్తొచ్చినప్పుడల్లా.”

“వేళాకోళమా? మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంటుంది?”

“నిక్షేపంగా ఉన్నారు మేడమ్. ఆయన కూడా మా కంపెనీలోనే మెషీన్లు అమ్మి రిటైరయ్యారు.”

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “చూడు బాబూ, కంగారుపడకు. రేపే రక్తపరీక్షలు చేయించుకో. వాచిన ప్లీహం బాగా ముగ్గిన పండులాంటిది, దెబ్బ తగిలితే చిట్లుతుంది. గతుకుల్లో బండి నడపకు. బరువులు అసలే ఎత్తకు.”

“అలాగే మేడమ్,” అని సేల్స్‌మన్ నీరసంగా లేచి, చొక్కా సర్దుకుని, తన మెషీను పెట్టెకి వంగాడు.

“ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను!” అని అరిచింది డాక్టరమ్మ. “ఇప్పుడేగా చెప్పాను?”

“మరి కిందికి దించాలి కదా మేడమ్.”

ఆవిడ పెట్టె వైపు చూసింది. పెద్దావిడ వైపు చూసింది. పెద్దావిడ తెర అప్పటికే ఆరిపోయింది.

“మీ మేనేజరుకి ఫోన్ కలుపు,” అంది. కలిపాడు. ఆవిడ ఫోన్ లాక్కుంది. “ఏవండీ, ఈ మెషీను నా దగ్గరే ఉంటుంది, ఆర్డరు రాసుకోండి. ఇంకోమాట. ఈ అబ్బాయితో మళ్ళీ బరువులు మోయించారని తెలిస్తే ఊరుకోను!”

సేల్స్‌మన్ కళ్ళు తుడుచుకుని ఆవిడకి దణ్ణం పెట్టాడు. నర్సు అతన్ని చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దించి వీధిలో వదిలింది.

మలుపు తిరిగాక అతను ఫోన్ తీసి హుషారుగా అన్నాడు: “నాన్నా, ఈవిడ కూడా ప్లీహం చూసి హడలిపోయి కొనేసింది, తాతయ్య నీకూ, నువ్వు నాకూ ఇచ్చిన ఈ ఆస్తి ఉన్నంతకాలం మన ఇంట్లో ఎవరి అమ్మకాలకీ ఢోకా లేదు!”