గీతకు ఇవతల

వాకిట్లో చెత్తకు మూడో ఎర్రచీటీ పడితే సూయున్ నూడుల్స్ దుకాణం నెల రోజులు మూసెయ్యాలి.

రెండోది ఇప్పుడే తలుపుకు అంటించాడు మునిసిపాలిటీ తనిఖీ అధికారి.

"ఈ గీతకు ఇవతలంతా నీ బాధ్యతే కదమ్మా?"

పక్క కొట్టుకూ తన దుకాణానికీ మధ్య సున్నంతో గీసిన గీత అది. ఇవతల పొద్దుతిరుగుడు గింజల పొట్టు, సిగరెట్ పీకలు, తడిసిన కాగితాలు. తట్టెడు చెత్త.

"రాత్రే కడిగానండీ!"

"అయితే చెత్తకు కాళ్లొచ్చాయన్నమాట."

అతను వెళ్లగానే పక్క టీ కొట్టు తావ్ అక్క వచ్చి భుజం మీద చెయ్యేసింది.

"పిచ్చిదానా, ఇది ఆ కొత్త స్వీపరు ముసలాడి పనే. వీధంతా ఊడ్చి నీ వాకిట్లో పోసిపోతున్నాడు. నా కళ్లారా చూశాను."

సూయున్ కూడా మొన్నొకసారి చూసింది. తెల్లవారుజామున పులుసు మరిగిస్తూ, కిటికీలోంచి. తన గుమ్మం ముందే చీపురుతో వంగి ఉన్నాడు ఆ ముసలి స్వీపరు గెంగ్.

మర్నాడు నిలదీసింది.

"ఏం తాతా, నా గుమ్మమే దొరికిందా నీకు?"

అతను చీపురు ఆపాడు. పరాయి జిల్లా యాసలో మెల్లగా అన్నాడు.

"ఇరుగుపొరుగు కలిసి ఉండాల్సినవాళ్లు. నన్నేం చెప్పమంటావు తల్లీ?"

"చూశావా, కాదనలేదు!" అంది తావ్ అక్క.

ఫిర్యాదు ఆమే రాసిపెట్టింది. సూయున్ సంతకం చేసింది.

వారం తిరక్కుండా గెంగ్‌ను ఊరవతలి చెత్తదిబ్బకు మార్చారు.

ఆ మర్నాడు పులుసుకు ఎముకలు తెచ్చే బండి వచ్చిందేమోనని సూయున్ చీకటుండగానే తలుపు తీసింది.

తావ్ అక్క తన కొట్టు ముందున్న చెత్తనంతా గీత దాటించి ఇటు తోస్తోంది.

"అక్కా!"

ఆమె ఉలిక్కిపడనైనా లేదు.

"ఏమే, లేచావా? ఇది రోజూ ఉన్నదేగా. ఇన్నాళ్లూ తెల్లారేలోపు ఆ ముసలాడు ఎత్తుకుపోయేవాడు."

"మరి ఫిర్యాదు రాసింది నువ్వేగా!"

"సంతకం నీదేగా."

దుకాణం అలాగే వదిలేసి సూయున్ స్వీపర్ల షెడ్డుకు పరుగెత్తింది.

"గెంగా? పని మానేసి సొంతూరు వెళ్లిపోయాడు," అన్నాడు మేస్త్రీ. "నువ్వేనా ఆ నూడుల్స్ అమ్మాయివి?"

ఆమె తలూపింది.

"నీ ఫిర్యాదు వచ్చిన రోజే అతనూ ఒక అర్జీ పెట్టుకున్నాడమ్మా. తనకు సోమవారం సెలవు వద్దట, తాను రాని రోజుల్లోనే నీకు చీటీలు పడుతున్నాయట."