పిలిచినవారు: నేనే

తాళం సగం లొంగిందనగా జేబులో ఫోన్ గుర్రుమంది. తాళాల మేస్త్రి ఒక చేత్తో కడ్డీ జారకుండా పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి చూశాడు.

‘షాపుకు ఫోన్ వచ్చింది. పిలిచినవారు: నేనే. సందేశం: ఇంకా రాలేదేం? త్వరగా రా.’

అంతే. నంబరు లేదు.

“వస్తుందా మేస్త్రిగారూ, తలుపు?” తన ఇంటి బయట తానే పరాయివాడిలా నిలబడ్డ ఇంటాయన అడిగాడు.

“వస్తుందండీ, ఒక్క క్షణం,” అంటూ మేస్త్రి భార్యకు ఫోన్ చేశాడు. షాపు ఫోనుకు వచ్చిన మాటల్ని రాతగా మార్చి అతని సెల్లుకు పంపే ఏర్పాటు ఆవిడదే. కోడింగ్ గీడింగ్ ఏమీ అక్కర్లేదట. తెర మీద ఈ డబ్బాకీ ఆ డబ్బాకీ గీత గీసి కలిపితే చాలట. వీడియోలు చూసి నేర్చుకుంది.

“వచ్చిందా! నే చెప్తే నమ్మారు కాదు,” భార్య మురిసిపోయింది.

“వచ్చింది సరే, ఎవరిదే ఇది? ‘నేనే’ అంటే ఎవరు?”

“పేరు చెప్పమని అది అడుగుతుందండీ. వాళ్ళేం చెబితే అదే రాస్తుంది.”

“మనవాళ్ళలో ఫోన్లో పేరు చెప్పేదెవరే? అందరూ ‘నేనే’ కదా! పోనీ నంబరేది?”

“నంబరు డబ్బాకి గీత కలపడం మర్చిపోయానండీ.”

“బాగుంది. ఉత్తరం వచ్చింది, ఊరు పేరు లేదు. గొంతు వినొచ్చా?”

“షాపులో కంప్యూటర్‌లో వినొచ్చు. ఇప్పుడే వెళ్ళి విని చెప్తాను. మీరు కంగారు పడకండి.”

కంగారు పడొద్దన్న మాట చెవిన పడ్డాకే అతనికి కంగారు మొదలైంది. మళ్ళీ చదివాడు. ‘త్వరగా రా.’ రండి కాదు, రా. తనను రా అనే హక్కు ఇంకా ఎవరికి మిగిలి ఉంది? పని ఇచ్చేవాళ్ళకు తను మేస్త్రిగారు. భార్యకు ఏమండీ. మామగారు తిట్టేటప్పుడు కూడా అల్లుడుగారూ అనే తిడతారు. వయసుతో పాటు ఒంటి మీద గౌరవం దుమ్ములా పేరుకుంటూ వచ్చింది. ఒరేయ్ అనేవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. వెతగ్గా వెతగ్గా ఒక్కరే తేలారు.

అక్క.

ఒంటరి మనిషి. ఆయాసం తిరగబెడితే రెండు మాటల కన్నా ఎక్కువ పలకలేదు. ఆ సందేశంలోనూ రెండు మాటలే ఉన్నాయి. ‘ఇంకా రాలేదేం?’ అవును, వస్తానన్నాడు. రేపొస్తానక్కా, రేపొస్తానక్కా అని ఎన్ని రేపులు దాటించాడో అతనికే తెలియదు.

అక్కకు ఫోన్ చేశాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

“అయ్యా, మళ్ళీ వస్తాను. మా అక్కకి బాగోలేదు.”

“తాళాన్ని నడిమధ్యలో వదిలేసి పోతే నా గతేంటయ్యా?” ఇంటాయన అరుపు మెట్ల దాకా వెంటపడింది.

అక్క ఇల్లు మూడో అంతస్తు. గంట నొక్కాడు, తలుపు బాదాడు. పలుకు లేదు. లాగితే దానంతటదే పడిపోయే తాళం అది. తనే బిగించాడు. “దీన్ని తీయగల మొనగాడు ఇంకా పుట్టలేదక్కా,” అని తనే జబ్బ చరుచుకున్నాడు. ఇప్పుడు కడ్డీ ఆ కన్నంలోకి పోవడం లేదు. చెవి ఆనించాడు. లోపల గరగరమని చప్పుడు. ఫ్యానో, ఊపిరో తేలలేదు. ఊరందరి తలుపులూ తీసిన వేళ్ళు ఆ ఒక్క తలుపు ముందు చచ్చుబడిపోయాయి.

వెనక్కి జరిగి భుజంతో గుద్దాడు. మూడో దెబ్బకు ద్వారబంధం చెక్క చీలి, తలుపు ఊడినంత పని అయింది.

గదిలో ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. మంచం మీద అక్క ఫోన్ పడి ఉంది.

“ఒరేయ్!”

మేడ మీద నుంచి ఖాళీ బట్టల బుట్టతో దిగివస్తూ అక్క మెట్ల మీదే నిలబడిపోయింది. “తాళాలు తీసేవాడివి, తలుపులు విరగ్గొట్టడం ఎప్పుడు మొదలెట్టావురా?”

“నువ్వు ఫోన్ చేశావు కదే. త్వరగా రా అన్నావు.”

“నేనా? నిన్ను రమ్మని పిలిచీ పిలిచీ నోరు నొప్పెట్టి ఎప్పుడో మానేశాను కదరా!”

నవ్వుతూనే అంది. అతనికి మాత్రం ఆ నవ్వులో నిలబడటానికి చోటు దొరకలేదు. విరిగిన తలుపు పక్కన గడప మీదే కూలబడ్డాడు. అక్క కాదు. మరి ఎవరు? పేరు చెప్పనక్కర్లేనంత సొంతమనుకుని ఎవరో పిలిచారు, ఎక్కడో ఎదురుచూస్తున్నారు. ఎంత తడుముకున్నా ఒక్క ముఖమూ గుర్తుకు రావడం లేదు. అంత దగ్గరివాళ్ళను పోల్చుకోలేనంత దూరం తను ఎప్పుడు వచ్చేశాడు?

ఫోన్ మోగింది. భార్య.

“విన్నావా? ఎవరు? ఎక్కడున్నారు? క్షేమమేనా?”

“క్షేమమేనండీ,” భార్య గొంతు మెల్లగా వచ్చింది. “ఆ గొంతు మీదే. పొద్దున షాపు నంబరుకు ఒకసారి చేసి చూడమంటే చేశారు కదా, అది ఇంత ఆలస్యంగా వచ్చింది. ఇంకా రాలేదేం, త్వరగా రా అని మీరు విసుక్కున్నది ఈ నోటిఫికేషన్ మీదే.”