మూత దగ్గరి మనిషి

తెర మీద ఓడ బొమ్మ పడగానే ఐటీఐ పిల్లలంతా చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో శాంతయ్య కొట్టలేదు. అతని పక్కన కూర్చున్న రెజీనా కూడా కొట్టలేదు. ఆమె శాంతయ్య తమ్ముడు ఆనందం భార్య. ఆనందం ఆ ఓడలోనే చనిపోయాడు.

వేదిక మీద మాట్లాడుతున్న సుధీర్‌ది కర్నూలే. సముద్రం ఒడ్డున ఓడలు కట్టే ఒక యార్డులో ప్రొడక్షన్ మేనేజరు. తీరానికి దూరంగా గస్తీ తిరిగే ఓడలు అక్కడ తయారవుతాయి. వాటి నమూనా గీసిందీ మనవాళ్లే, కట్టిందీ మనవాళ్లే. మొదటి మూడూ మన తీరానికే వెళ్లాయి. నాలుగోది ఒక ద్వీపదేశం కొనుక్కుంది. నచ్చి, ఇంకో నాలుగు కావాలంది. వాటికి మనుషులు కావాలి. అందుకే సుధీర్ సొంత ఊరికి వచ్చాడు.

"తాగే నీళ్లకు అల్లాడే సీమ పిల్లలు కట్టిన ఓడ ఈరోజు పరాయి దేశపు సముద్రాన్ని కాస్తోంది" అన్నాడు. మళ్లీ చప్పట్లు.

శాంతయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ నాలుగో ఓడలో చచ్చిపోయిన మనిషి గురించి కూడా చెప్పప్పా."

సుధీర్ గుర్తుపట్టాడు. ఆరేళ్ల కిందట నందికొట్కూరు నుంచి అన్నదమ్ములిద్దరినీ యార్డుకు తీసుకుపోయింది తనే. ఆనందం వెల్డరు, శాంతయ్య ఫిట్టరు. ప్రశ్నలు చివర్లో అడగొచ్చని నవ్వుతూ చెప్పాడు. శాంతయ్య కూర్చోలేదు. పిల్లల వైపు తిరిగి తనే చెప్పడం మొదలుపెట్టాడు.

రెండేళ్ల కిందటి మాట. ఓడ అడుగున ట్యాంకులో, వెల్డింగుకు వాడే ఆర్గాన్ గ్యాసు పైపు రాత్రంతా లీకైంది. ఆ గ్యాసుకు వాసన ఉండదు, రంగు ఉండదు. పీల్చుకోవడానికి గాలి లేకుండా చేస్తుంది. పొద్దున్నే ఆనందాన్ని వెల్డింగుకు దింపారు. గాలి పరీక్ష ఎవరూ చెయ్యలేదు. లోపల మనిషి ఉన్నంతసేపూ పైన మూత దగ్గర ఇంకో మనిషి నిలబడాలి. నిమిషానికోసారి పిలుస్తూ ఉండాలి. పలకకపోతే కేకెయ్యాలి. అతనికి అదొక్కటే పని. ఆరోజు కొనేవాళ్ల ఆఫీసర్లు చెప్పిన టైముకంటే ముందే వచ్చారు. డెక్కు మీద తివాచీ పరచడానికి చేతికి అందినవాణ్ణల్లా పిలిచారు. మూత దగ్గరి మనిషిని కూడా.

"లోపల మనిషి ఉండాడని తెలుసు వానికి" అన్నాడు శాంతయ్య. "తెలిసీ పొయినాడు. తివాచీ పరిచినాడు. అరగంట తర్వాత వచ్చి పిలిస్తే లోపల్నుంచి పలుకు లేదు."



ఆనందం అనుమతి లేకుండా తనంతట తనే ట్యాంకులోకి దిగాడని యార్డు రిపోర్టు రాసింది. అక్కడ పనే పెట్టలేదు కాబట్టి కాపలా మనిషినీ పెట్టలేదంది. ఓడ చెప్పిన తేదీకి చెప్పినట్టే దేశం దాటింది. అదే వారం ఆనందం శవపెట్టె నందికొట్కూరు చేరింది. పాపం, తొందరపాటు మనిషి అని సమాధుల దొడ్డి దగ్గరే అనుకున్నారు జనం. శాంతయ్య పని మానేసి, నాలుగుసార్లు యార్డుకు వెళ్లాడు. నాలుగుసార్లూ ఒకటే జవాబు. అలాంటి మనిషే లేడు. రిజిస్టరులో ఆరోజు పేజీయే లేదు.

"రిపోర్టులో అన్నీ ఉన్నాయి. మూత దగ్గర ఎవరూ లేరు" అన్నాడు సుధీర్.

"ఉండాడు. వాని పేరు నీకు తెలుసు. ఆ పేరు చెప్తే వాణ్ణి పిలిచిందెవరో కూడా చెప్పాల్సొస్తాదని నీకు భయం."

ముందు వరుసలో వెల్డింగు నేర్చుకునే తనూజ లేచింది. "పేరు చెప్పండి సార్. రేపు ఆ ట్యాంకుల్లోకి దిగేది మేమే గదా" అంది. ఆమె వెనకే ఇంకో పదిమంది లేచారు.

సుధీర్ మైకు పక్కన పెట్టి, వేదిక దిగి శాంతయ్య దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఆ పేరు బయటికొస్తే ఆ మనిషి ఏమైపోతాడో ఆలోచించినావా? కేసు పెడతారు. జైలుకు పోతాడు. ఊర్లో ఎవరి మొగమూ చూడలేడు."

"కానియ్‌లే" అన్నాడు శాంతయ్య.

అప్పుడు రెజీనా లేచింది. నలుగురిలో ఆమె గొంతు విప్పడం అదే మొదటిసారి.

"ఆయన తప్పు చేసి చచ్చినాడని నా బిడ్డ బళ్లో రోజూ వింటాండాది సార్. పిల్చినోళ్లు పిల్చినారు. ఆయన్ను లోపల ఇడిసిపెట్టి ఎట్ల పొయినాడు ఆ మనిషి? వాడెవడో చెప్పండి. వాని మొగం నేను ఒకసారి చూడాల."

శాంతయ్య ఆమె వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. సుధీర్ ప్రిన్సిపాలుకు సైగ చేశాడు. వాచ్‌మన్ వచ్చి శాంతయ్య చెయ్యి పట్టుకున్నాడు. శాంతయ్య విదిలించుకుని వేదిక ఎక్కాడు. తెరను పక్కకు లాగి దాని వెనకున్న బోర్డు మీద రాయసాగాడు. తేదీ రాశాడు. ఓడ నెంబరు, ట్యాంకు నెంబరు రాశాడు. పనిలోంచి పిలిచిన అధికారి అని రాసి, ఎదురుగా సుధీర్ పేరు రాశాడు.

చాక్‌పీసు విరిగింది. ఆ ముక్కతోనే కింద 'మూత దగ్గరి మనిషి' అని రాసి, దాని ఎదురుగా, వెనక వరుసలో ఉన్న రెజీనాకు కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో తన పేరు రాశాడు.