ఫ్యాను గాలి పందెం

మే నెల మొదటి తేదీకి బసవపున్నయ్య చేతిలో ఉన్నవి మూడు: పడకగదిలో ఒక పాత సీలింగ్ ఫ్యాను, వాకిట్లో ఒక కారు, భార్య ముందు విసిరిన ఒక మాట.

మూడింటిలోకీ ఖరీదైనది ఆ మాటే. ఇంటికి ఏసీ కావాలంది భార్య ప్రమీలారాణి. తిరువూరులో ముప్పయ్యేళ్ళుగా ఎరువుల కొట్టు నడుపుతున్న మనిషి అడిగిన వెంటనే ఏదీ కొనడు. ఫ్యాను గాలి చాలన్నాడు. నెలాఖరు దాకా మధ్యాహ్నం నిద్ర ఫ్యాను కిందే అన్నాడు. ఏసీలో ఒక్క కునుకు తీసినట్టు తేలినా ఆ రోజే ఇంట్లో ఏసీ పెట్టించుకోమని పందెం కట్టాడు. భోజనం కాగానే కారులో కొట్టుకు వెళ్ళి, అక్కడ ఫ్యాను కింద బల్ల మీద నడుం వాలుస్తానని చెప్పాడు.

రెండు వారాలు గడిచాయి. ఓ సాయంత్రం ఆమె ఆయన విడిచిన చొక్కా బకెట్లో వేస్తూ, ఇంత ఎండల్లో కూడా మీకు చెమట పట్టడం లేదేంటని అడిగింది. నిగ్రహం ఉన్న ఒంటికి చెమట పట్టదని చెప్పాడు. ఆ మాట తనకే ఎంతో నచ్చింది. మర్నాడు కొట్లో రైతులకూ చెప్పాడు.

ఇరవయ్యో తేదీ పొద్దున కారును విస్సన్నపేట రోడ్డులో నిస్సార్ మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళాడు.

“నడుస్తుంటే ఏసీ చల్లగానే వస్తుంది నిస్సార్. ఆపి ఉంచితే వేడి గాలి కొడుతోంది.”

నిస్సార్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “ఎంతసేపు ఆపుతారు సార్?”

“రోడ్డు మీద మామిడి లోడ్లు అడ్డమొస్తాయి కదా. ఓ రెండు నిమిషాలు.”

“రెండు నిమిషాలకి అంత వేడి రాదండి. ఓ అరగంటన్నా ఆగుండాలి.”

బసవపున్నయ్య లెక్క సవరించాడు. ఒక్కోసారి లోడ్లు వరసగా వస్తాయన్నాడు.

“ఎప్పట్నుంచండి?”

“సోమవారం నుంచి. పొద్దున్నే మా ఆవిడ స్కూటీ చూడ్డానికి ఇంటికొచ్చావే, ఆ రోజు.”

నిస్సార్ బానెట్ ఎత్తాడు. గ్యాసు సరిపడా ఉందన్నాడు. ఇంజిన్ నడుస్తుండగా ముందున్న జాలీ మీద చెంబుడు నీళ్ళు కొట్టాడు. లోపల గాలి చల్లబడింది. ఆ జాలీ వేడెక్కకుండా ఉంటే చాలని, బండి నడుస్తుంటే ఎదురుగాలి ఆ పని చూసుకుంటుందని, ఆగినప్పుడు చూసుకోవాల్సిన ఫ్యాను తిరగడం లేదని వివరించాడు. చెయ్యి లోపలికి పెట్టి ఏదో నొక్కాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

“ప్లగ్గు ఊడిందండి, అంతే.”

ఏసీకి కూడా ఫ్యాను గాలే దిక్కని తెలిసి బసవపున్నయ్య పొంగిపోయాడు. తాను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే. నిస్సార్ డబ్బులు వద్దనేసరికి ఆ ఆనందం రెట్టింపైంది. నిస్సార్ ఫోను తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం ఆయనకు నిద్ర బ్రహ్మాండంగా పట్టింది. సాయంత్రం ఇంటికి వస్తూ లెక్క చూసుకున్నాడు. కారు బాగైంది. ఖర్చు సున్నా. పందెం భద్రం.

ఇంట్లో ఇద్దరు మనుషులు స్టూలెక్కి పడకగది గోడకు కన్నం వేస్తున్నారు. కింద అట్టపెట్టెలో కొత్త ఏసీ ఉంది.

“ఇదేంటి రాణీ, ఇంకా పదకొండు రోజులుందిగా?” అన్నాడు.

ప్రమీలారాణి తాపీగా చెప్పింది: “సోమవారం నిస్సార్‌కి గ్లాసుడు మజ్జిగిచ్చి ఆ ప్లగ్గు పీకించింది నేనేనండీ, ఆగిన కార్లో ఏసీ రావట్లేదని అందులో పడుకునే మనిషికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?”