పొంగని చెయ్యి

గిన్నె రాతిమీద పెట్టి మాదింఫో నాలుగడుగులు వెనక్కి వేసింది.

"తిను. చల్లారిపోతుంది."

"కాసేపు నిలబడవే," అన్నాడు మొకెటే గుడిసె గుమ్మంలోంచి. "ఎదురుగా మనిషి లేకపోతే ముద్ద దిగడం లేదు."

"పొయ్యిమీద నీళ్లు పెట్టొచ్చాను, దింఫో నాన్నా."

ఆమె పొయ్యిమీద ఎప్పుడూ నీళ్లే ఉంటాయి. బంగారు గని నుంచి దగ్గుతో తిరిగొచ్చిన మొగుణ్ణి ఇంట్లోకి రానివ్వలేదు. గొర్రెల ఉన్ని దాచే గుడిసెలో పక్క వేసింది. వేరే గిన్నె, వేరే చెంబు. తన రెక్కల కష్టంతో లేచిన ఇంటిని మొకెటే బయట కూర్చుని చూస్తాడు. ఐదేళ్ల దింఫో కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. కూతురంటే అతనికి అంతవరకే.

ఊరూ అంతే. జొన్నకల్లు దగ్గర ఒకే డబ్బా చేతులు మారుతుంది. అతని వంతు వచ్చేసరికి దారి తప్పుతుంది. మళ్లీ పక్కవాడి దగ్గర తేలుతుంది. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుచుకుంటూ, మనుషులు లేని తిండి ఒంటికి పట్టదులే అనుకున్నాడు.

అందుకే ఊరిపెద్ద వాకిట్లో క్షయ శిబిరం పెడితే అందరికన్నా ముందు నిలబడ్డాడు. నర్సు దినెయో అతని కళ్లె సీసాలో పట్టి, పిల్లలతో సహా ఊరందరికీ ముంజేతి చర్మం కింద సన్నటి సూదితో మందు ఎక్కించింది.

"ఇది ఆ క్రిమి నుంచి తీసిన మాంసకృత్తు. క్రిమి కాదు, భయపడకండి," అంది. "ఆ క్రిమిని ఎరిగిన ఒళ్లయితే ఇక్కడ పొంగుతుంది. మూడో రోజు నేనే వచ్చి చూస్తాను."

"అంటే పోలీసును చూసి దొంగ ఉలిక్కిపడ్డట్టు," అన్నాడు పక్కింటి ఫకిసో.

"కాదన్నా. దొంగను చూసి కుక్క మొరిగినట్టు."

అందరూ నవ్వారు. ఇళ్లకు చేరేసరికి మాత్రం ఫకిసో చెప్పిన పోలీసూ దొంగల మాటే గుర్తుంది.

మూడో రోజుకి కనుమ మంచుతో మూసుకుపోయింది. నర్సు బండి రాలేదు. రాకపోతేనేం, చేతులు చూసుకోవడానికి చదువెందుకని ఊరు తనే చూసుకుంది.

కల్లు దగ్గర కంబళ్లు తొలగించి అందరూ చేతులు చాపారు. ఫకిసో ముంజేయి గుండీ కుట్టినట్టు ఎర్రగా లేచి ఉంది.

"చలికి," అన్నాడు ఫకిసో.

"నీ చలి భలే చలిరా, ఒక్క చోటే పుట్టింది," అన్నారెవరో.

మొకెటే చెయ్యి మాత్రం నున్నగా ఉంది. వెలుగులోకి లాగి మరీ చూశారు. ఏమీ లేదు. డబ్బా తిన్నగా అతని చేతికొచ్చింది. తాగి, మూలకి జరిగిన ఫకిసోకి అందించబోతే పక్కవాడు అడ్డం పెట్టాడు.

"తియ్యరా చెయ్యి," అన్నాడు మొకెటే. "తాగు ఫకిసో. ఆ మూల ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మాదింఫో ముంజేయి కంబళి కింద దాచుకుని కూర్చుంది.

"నాకూ పొంగింది," అంది తలెత్తకుండా. "నీకూ పిల్లకీ ఏమీ లేదు. నేనే ఆ గుడిసెలోకి పోతాను."

ఇన్నాళ్లూ ఆమెకి అప్పజెప్పాలని కూడబెట్టిన మాటలు అతని దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటే వాడాడు.

"మరి గిన్నె రాతిమీద పెట్టనా?"

ఆమె ఏడ్చింది.

"లోపలికి నడవ్వే. అక్కడ గొర్రె కూడా ఉండలేదు," అన్నాడు.

మంచు వదల్లేదు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, పిడకల మంట దగ్గర ముగ్గురూ చేరారు. మాదింఫో తనంతట తనే గోడవారగా, ఎడంగా పడుకుంది. దింఫో మాత్రం నాన్న గిన్నెలోనే తిని, నాన్న కంబళిలోనే దూరి, అతని మెడకింద ముక్కు పెట్టుకుని నిద్రపోయేది. అతనికి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది.

"పొగ," అనేవాడు మొకెటే.

"పొగే," అనేది మాదింఫో.

చాలా కాలం తర్వాత అతను గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాడు.

దారి తెరుచుకున్న పొద్దున దినెయో గుర్రంమీద వచ్చింది. ఊళ్లో ఇంకే గడపా తొక్కలేదు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని లోపలికొచ్చింది.

"కళ్లె పరీక్ష చూసి నేరుగా ఇక్కడికే వచ్చాను," అంది.

"నాకు పొంగిందమ్మా," అంటూ మాదింఫో భయంగా చెయ్యి చాపింది.

దినెయో చూసింది. "బాగానే లేచింది. ఫరవాలేదు వదినా, నీకు మందులిస్తాను." అని మొకెటే ఒళ్లోంచి దింఫోని ఎత్తి తల్లి చేతుల్లో పెట్టింది. కిటికీ సందుల్లో గుడ్డలు పీకి రెక్కలు బార్లా తెరిచింది.

"పిల్లనెందుకు తీశావమ్మా? ఊరంతా చూశారు, కావాలంటే నువ్వూ చూడు," అంటూ మొకెటే నున్నటి ముంజేయి గర్వంగా ముందుకు చాపాడు.

దినెయో ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"పోరాడే ఒళ్లే పొంగుతుందన్నా, నీది ఎప్పుడో చేతులెత్తేసింది."