చప్పుడు దూరని గది

పెద్దమనుషులారా, నా మనవడు తేజ పశువుల కసువు దాచే గదిని పాటల స్టూడియో చేసి, కిటికీ ఇటుకలతో మూసి, గోడల నిండా స్పాంజి అంటించాడు. దాన్ని పీకించండి.

మొన్న నన్ను పాడమన్నాడు.

“వాకిట్లో శెనిక్కాయలు ఆరబోసిండానురా.”

“ఒక్క పాటే గదవ్వా! బయటి చప్పుడేదీ ఈడికి రాదులే.”

పాడి తలుపు తీస్తే, కాయలన్నీ నీళ్లలో తేలుతున్నాయి. వాన చప్పుడు వినపడి ఉంటే పట్ట కప్పేదాన్ని.

వాడు మిషను దగ్గర నవ్వుతున్నాడు. “ఒక్క చినుకు చప్పుడన్నా పడలేదవ్వా! పాట భలే వచ్చింది.”

థూ! నేను పాడింది వానదేవుణ్ణి పిలిచే పాట. విత్తేటప్పుడు పిలిస్తే పలకనివాడు ఈసారి వచ్చాడు. రమ్మని పిలిచి తలుపేసుకున్న ఇంటికి మళ్లీ వస్తాడా?