దూతగారి అసలు ముఖం

“కొంప మునిగింది రా తమ్ముడూ! ఇవాళ నీ ముఖం పీకేస్తారట!”

మేకప్ గదికి గడియ పెడుతూ అక్క అంది. ఆమె చేతిలో అప్పుడే అందిన సీను కాగితాలున్నాయి. అద్దం ముందు కూర్చున్న తమ్ముడికి అప్పటికే ఆకుపచ్చ రబ్బరు ముఖం మెడ దాకా అతికించేసింది. నొసట కొమ్ములు, చెవులుండాల్సిన చోట చేప మొప్పలు.

“పీకేస్తారా? ఎవరు?”

“సీన్లో చక్రవర్తి. కెప్టెన్ ఎదురుగా నీ దూత ముసుగు లాగేస్తాడట. లోపల మామూలు మనిషి ముఖం కనబడాలట. అసలు ముఖం చూపించండి, చూపించండి అని జనం డైరెక్టర్ ప్రాణం తోడేస్తున్నారట.”

తమ్ముడికి పై ప్రాణాలు పైనే పోయాయి. పోవూ మరి! ఆ అంతరిక్ష సీరియల్లో గ్రహాంతర దూత ప్రతివారం కనబడే మనిషి కాదు. ఎప్పుడో ఓసారి ఊడిపడి, కెప్టెన్‌ని ఓ ఆట ఆడించి పోతాడు. జనానికి మాత్రం వాడంటే పిచ్చి. ఆ వేషం అక్క మొగుడిది. ఆయన మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ సంగతి బయటికి పొక్కిందా, వేషం ఇంకొకడికి పోతుంది. అతిథి పాత్ర కోసం షూటింగు ఆపుకుని కూర్చునే వెర్రివాళ్ళెవరుంటారు? అందుకే ఆ సీరియల్‌కి మేకప్ వేసే అక్క, గడియారాలు బాగుచేసుకుంటూ తన మానాన తాను బతుకుతున్న తమ్ముణ్ణి లాక్కొచ్చింది. ఎవరూ రాకముందే ముఖం అతికిస్తుంది, అందరూ పోయాక ఊడదీస్తుంది. గొంతుతో పేచీ లేదు. మాటలు తర్వాత వేరే చోట కలుపుతారు. బావ అక్కడికి కుంటుకుంటూ వెళ్ళి చెప్పొస్తాడు.

“డైరెక్టర్‌కి బావ ముఖం తెలుసు కదక్కా!”

“తెలీకేం? వేషం ఇచ్చిందే ఆయన. నీ ముఖం చూశాడంటే మీ బావ వేషం, నా ఉద్యోగం, రెండూ గోవిందా.”

“నేను ముందే మొత్తుకున్నాను. విన్నావా?”

“ఏడవకురా, జిగురు ఊడిపోతుంది!”

“మనసులోనే ఏడుస్తున్నాలే.”

అక్క గదిలో అటూ ఇటూ తిరిగి చటుక్కున ఆగింది. “లాగేది చక్రవర్తే కదా. వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకో.”

“ఆయనవా? సెట్లో ఒక్కడితోనూ పలకడు! నిన్న నమస్కారం పెడితే తలూపి పోయాడు.”

“పెద్ద నటుడురా. వేషం వేసుకుంటే చక్రవర్తిలాగే ఉంటాడట. ఉంటే ఉండనీ, మనకి శరణు కావాలిగా. నడు.”

సెట్టు చివర మూల గదిలో చక్రవర్తి ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వెండి రంగు ముసుగు, నేలమీద జీరాడే అంగీ. ఉక్కకి తట్టుకోలేక అట్ట డాలుతో విసురుకుంటున్నాడు. తమ్ముడు వెళ్ళి దబ్బున కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“సార్, నేను నేను కాదండీ. అంటే, మా బావని కాదండీ.”

విసురుతున్న డాలు ఆగింది. ఇక దాచి లాభమేముంది? తమ్ముడు మెట్లు, కాలు, జిగురు, అక్క ఉద్యోగం, అన్నీ ఏకరువు పెట్టాడు. “ముసుగు కొంచెం మొరాయించినట్టు చేయండి సార్. ఎలాగోలా గట్టెక్కించండి. మీకు పుణ్యముంటుంది.”

చక్రవర్తి ఉలకలేదు, పలకలేదు. ఈలోగా బయట నుంచి పిలుపొచ్చింది. డాలు గోడకి ఆనించి, అంగీ పైకెత్తి పట్టుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడు కొమ్ములు సర్దుకుంటూ వెనకే నడిచాడు. ఈయన నేరుగా వెళ్ళి డైరెక్టర్‌తో చెప్పేస్తే?

చెప్పలేదు. లైట్లు వెలిగాయి. కెప్టెన్ కత్తిలా నిటారుగా నిలబడ్డాడు. చక్రవర్తి గంభీరంగా నడిచొచ్చి, తమ్ముడి మెడ దగ్గర రబ్బరు అంచు దొరకబుచ్చుకున్నాడు. తమ్ముడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఓ పక్కన అక్క జిగురు బ్రష్షు కొరుకుతోంది.

చెయ్యి లాగలేదు. మెల్లగా వదిలేసింది. అదే చేత్తో చక్రవర్తి ఆ ఆకుపచ్చ చెంపని ఒకసారి నిమిరి, గిరుక్కున తిరిగి సెట్లోంచి వెళ్ళిపోయాడు.

“కట్!” డైరెక్టర్ కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. “ఏమిటిది? లాగమంటే నిమురుతాడేమిటి?”

కెమెరా వెనక ఉన్నాయన ముక్కు ఎగబీల్చాడు. “ఏమో సార్, నాకైతే ఒళ్ళు జలదరించింది. శత్రువు చేతికి చిక్కినా పరువు తీయకుండా వదిలేశాడు చూడండి.”

డైరెక్టర్ నోరు తెరిచి, మూసి, నెత్తి కొట్టుకున్నాడు. “అవునయ్యా! ముఖం చూపించేస్తే ఇంక జనం చూడ్డానికేముంది? ఇదే ఉంచండి. ఇకమీదట నా సీరియల్లో ఎవరి ముసుగూ తీసేది లేదు!”

తమ్ముడు బుస్సుమని ఊపిరి వదిలాడు. అక్క పరుగున వచ్చి వాడి కొమ్ములు పట్టుకుని ఊపేసింది. “బతికిపోయాం రా! మీ బావ వేషం నిలబడింది!” అంటూ తానే ఏడ్చేసింది. ఆమె ఏడిస్తే ఊడేదేమీ లేదు కాబట్టి తమ్ముడు ఏడవనిచ్చాడు.

తర్వాత తిన్నగా మూల గదికి పరిగెత్తాడు.

“సార్, మీరు మనిషి కాదు, దేవుడు! మా ఇంటిని నిలబెట్టారు!” అంటూ వంగి పాదాలు అందుకోబోయాడు.

చక్రవర్తి కంగారుగా వెనక్కి జరిగాడు. గుమ్మం బయటికి తొంగి చూశాడు. తలుపు వేసి గడియ పెట్టాడు. వెండి ముసుగు లోపలి నుంచి సన్నటి గొంతు వినబడింది.

“నాకు దణ్ణాలెందుకు బాబూ, నీకంటే ఎక్కువ భయపడి చచ్చాను! మా ఆయన నడుం పట్టేసి ఇంట్లో పడుకున్నారు.”